పొద్దును బట్టి విశాఖ

విశాఖపట్నంలో సొంతిల్లు ఉన్నవాళ్లకు దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాటేదాకా ఫోన్లు ఆగవు. "పిన్నీ, మేం వస్తున్నాం, మూడు రోజులుంటాం, ఏమేం చూడాలో చెప్పు" అంటారు. నేను చెప్పేలోపే వాళ్లే వాట్సాప్‌లో ఒక జాబితా పంపిస్తారు. కైలాసగిరి, సబ్‌మెరైన్, సింహాచలం, అరకు, బొర్రా, భీమిలి, రుషికొండ, యారాడ, జూ అన్నీ అందులో ఉంటాయి. ఎండ ఒక్కటే ఉండదు. పెద్ద వాల్తేరులో కాపురం చేస్తూ, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. వచ్చిన చుట్టాలకు చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటలివి. ఇకమీదట ఫోన్ చేసినవాళ్లకు ఈ కాగితమే పంపిస్తాను.

1. సముద్రం తూర్పున ఉంది

ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసంటారు. అయినా గోవా చూసొచ్చిన ప్రతివాళ్లూ "సూర్యాస్తమయం ఏ బీచ్‌లో బాగుంటుంది?" అని అడుగుతారు. మాది బంగాళాఖాతం. పొద్దు సముద్రంలోంచి పైకొస్తుంది, కొండల వెనక్కి దిగిపోతుంది. కాబట్టి ఈ ఊళ్లో సముద్రానికి రోజులో రెండు ముహూర్తాలు. ఒకటి తెల్లవారుజామున. అప్పుడు బీచ్ రోడ్డు మీద వాహనాలు రానివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్లదే. ఎనిమిది దాటిందంటే ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడలేరు. రెండోది నాలుగు దాటాక. పొద్దు మన వెనక్కి పోతుంది, మేడల నీడ ఇసుక మీదికి వస్తుంది, గాలి సముద్రం మీంచి చల్లగా కొడుతుంది.

ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లకు ఇంకో మాట. పొద్దున సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే ముఖాలు నల్లగా పడతాయి, ఎందుకంటే వెలుగంతా వీపు వైపు ఉంటుంది. నీళ్లు నీలంగా, ముఖాలు తేటగా రావాలంటే మధ్యాహ్నం మూడు తర్వాత తీసుకోండి. ఉదయిస్తున్న సూర్యుణ్ణి మాత్రం కళ్లతో చూడండి చాలు.

మిగతా పాఠాలన్నీ ఈ ఒక్కదాన్నుంచి పుట్టినవే. ఏ చోటు చూడాలన్నది తర్వాత, ఏ పూట చూడాలన్నది ముందు.

2. నెల చూసుకుని టికెట్టు తీయండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మే నెలలో విజయవాడ కంటే ఇక్కడ వేడి తక్కువ చూపిస్తుందని ఫోన్లో చూసి సంబరపడి వచ్చేస్తారు. డిగ్రీలు తక్కువే. కానీ గాలి నిండా తేమ, చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒంటికి చల్లదనం! అందుకే ఎండుటెండలో తిరిగిన రాయలసీమవాళ్లు కూడా ఇక్కడ పది గంటలకే డీలాపడిపోవడం చూశాను. మా ఆడపడుచు భర్త అనంతపురం మనిషి, ఎండంటే లెక్కలేదనేవారు. మే నెలలో ఒక పూట కైలాసగిరి ఎక్కి దిగాక, మిగిలిన సెలవంతా మా ఇంట్లో ఫ్యాను కింద చదరంగం ఆడుకున్నారు.

అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. కైలాసగిరి బోడిగుండైంది, వీధుల్లో చెట్టు నిలవలేదు. అలాంటిది ఏటా రాదు గానీ, ఆ రోజుల్లో గది బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొస్తుందో లేదో చూసుకోండి. పైగా దసరాకి బెంగాలీలు పూజా సెలవులకని కుటుంబాలతో సహా విశాఖకు, అరకుకు దిగుతారు. అప్పుడు గదులు దొరకవు, దొరికినా ధర దడిపిస్తుంది.

డిసెంబరు 4 నేవీ డే. బీచ్‌లో నౌకల విన్యాసాలు చూద్దామని తేదీలు పెట్టుకునేవాళ్లున్నారు. ఈమధ్య ఆ వేడుకను వేరే తీరాలకు కూడా మారుస్తున్నారు. 2023లో సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో చేశారు. ఆ యేడు ఎక్కడో తెలుసుకుని బయల్దేరండి.

3. మిట్టమధ్యాహ్నం కడుపుకీ కునుక్కీ, కాదంటే సబ్‌మెరైన్‌కీ

పన్నెండు నుంచి మూడున్నర దాకా ఆరుబయట ఏమీ పెట్టుకోకండి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు తెల్లవారేసరికి దిగుతారు. చాలా హోటళ్లు మధ్యాహ్నం దాకా గది ఇవ్వవు, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. లేకపోతే సామాన్లు అక్కడ పడేసి, ముఖం కడుక్కుని, నేరుగా బీచ్‌కి వెళ్లిపోండి. పొద్దుటి సముద్రం ఒక పూట అదనంగా కలిసొస్తుంది.

ఎండవేళ చూడాల్సినవి లోపల ఉండేవి. అందులో మొదటిది ఆర్కే బీచ్‌లోని కుర్సురా. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి. సోవియట్ రష్యాలో కట్టింది, పొడవు 91 మీటర్లు. 2002లో ఒడ్డుకు లాగి మ్యూజియంగా మార్చారు. లోపల తిప్పి చూపించేవాళ్లు నేవీలో పనిచేసి వచ్చినవాళ్లే. వాళ్లు చెప్పేది వినకుండా సెల్ఫీలు తీసుకుంటూ పోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంత సన్నటి గొట్టంలో మనుషులు నెలల తరబడి ఎక్కడ పడుకున్నారో, ఎక్కడ వండుకున్నారో, నీళ్లు ఎంత పొదుపుగా వాడారో వాళ్లను అడగండి, సంతోషంగా చెబుతారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ, చీరకట్టులో ఉన్నవాళ్లకూ ముందే చెప్పి ఉంచండి. ఎదురుగా టీయూ 142 విమానం ఉంది, అది కొంచెం సుళువు.

వీటికి సోమవారం సెలవు. జూకి కూడా సోమవారమే. శని, ఆది కలిపి ఊళ్లో గడిపి "సోమవారం తాపీగా సబ్‌మెరైన్" అనుకునేవాళ్లు ఏటా ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు. మామూలు రోజుల్లో కుర్సురా తెరిచేది కూడా మధ్యాహ్నమే, కాబట్టి ఎండవేళకు సరిగ్గా కుదురుతుంది.

పిల్లలతో వెళ్తే ఘాజీ కథ ముందే చెప్పండి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. ఎలా మునిగిందన్నదాని మీద ఇరుదేశాల వాదనలూ వేరు. అంతకుముందే 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియం ఉంది, డచ్చివాళ్ల కాలపు బంగళా. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి అక్కడ చూడొచ్చు. నా పాత విద్యార్థుల్లో రెండో ప్రపంచ యుద్ధం గుర్తున్నవాళ్లెవరైనా ఉంటే అది పుస్తకం వల్ల కాదు, ఆ బాంబు వల్లే.

4. రోజుకొక దిక్కు

మ్యాపు తీసి చూడండి. ఊరు సముద్రం వెంట పొడుగ్గా సాగి ఉంటుంది. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో ఊరు. పడమర సింహాచలం. టాక్సీ డ్రైవరు "అన్నీ ఒక్కరోజులో సూపించెస్తానమ్మా" అంటాడు. చూపిస్తాడు కూడా, కారు అద్దంలోంచి.

ఉత్తర దిక్కు రోజు నాకు చాలా ఇష్టం, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. పొద్దున్నే తొట్లకొండ ఎక్కేయండి. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువుల ఆరామం. 1976లో నేవీవాళ్లు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపం, భిక్షువుల గదుల పునాదులు. వాళ్లు చోటు ఎంచుకున్న తీరు చూడండి: కింద ఓడలు వచ్చే సముద్రం, పైన వాననీరు పట్టుకునే రాయి. ఓడల మీద వచ్చిన వర్తకులే ఇలాంటి ఆరామాలకు దాతలు. అక్కడ నీడ లేదు. తొమ్మిది దాటితే ఆ రాళ్ల మీద పాఠం చెప్పడం నావల్ల కూడా కాదు.

అక్కణ్ణుంచి భీమిలి వైపు వెళ్తుంటే ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో ఎన్నోసార్లు చూసే ఉంటారు. సముద్ర మట్టం పెరుగుతూ తరుగుతూ ఉన్న వేల ఏళ్లలో గాలి తెచ్చిపోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వానకు కోసుకుపోయి లోయలు పడ్డాయి. ఇలాంటివి మళ్లీ చూడాలంటే తమిళనాడు తీరానికి పోవాలి. జాతీయ భూవారసత్వ స్థలం అని గుర్తింపు ఇచ్చారు గానీ, గుర్తింపు ఒక్కటే దిబ్బల్ని కాపాడదు. దయచేసి గట్ల మీదికి ఎక్కి జారకండి, ఒక్క వానాకాలం చేసే నష్టాన్ని పిల్లలు ఒక్క సాయంత్రంలో చేసేస్తారు. ఇంటికి సీసాలో మట్టి పట్టుకెళ్లిన మా చెల్లెలి అల్లుడికి ఈ వాక్యం ప్రత్యేకం.

భీమిలికి చేరేసరికి ఎండ ముదురుతుంది, భోజనం అక్కడే చేసేయండి. డచ్చివాళ్ల సమాధులు, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఇవి నాలుగు దాటాక తాపీగా చూడొచ్చు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. ఇప్పటికీ హడావుడి లేదు, అదే దాని అందం. తిరుగుదారిలో రుషికొండ. శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఆ తీరానికి 2020లో వచ్చింది, స్నానపు గదులవీ ఉన్నాయి. చీకటి పడేవేళకు కైలాసగిరి మీద ఉంటే దీపాలు పెట్టిన ఊరంతా వంపు తిరిగి కనబడుతుంది. రోప్‌వే దగ్గర వరసలో నిలబడే ఓపిక లేకపోతే రోడ్డు మీద వెళ్లిపోండి, చూసేది అదే కొండ.

దక్షిణ దిక్కు రోజున పాత ఊరు, డాల్ఫిన్స్ నోస్ కొండ, యారాడ బీచ్. పాత ఊళ్లో ఓడరేవు మొగదల పక్కపక్కనే మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. పొద్దుట ఎక్కితే ఓడలు రేవులోకి వచ్చే దారంతా కనబడుతుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరే. మార్గశిర గురువారాల్లో అయితే అటు వెళ్లే ఆలోచన మానుకోండి, లేదా దర్శనానికే ఆ రోజంతా కేటాయించండి. శ్రీశ్రీ పుట్టిన ఊరిదీ, రావిశాస్త్రి కథల్లోని ఊరిదీ అసలు రుచి ఈ సందుల్లోనే ఉంది, బీచ్ రోడ్డు మేడల్లో కాదు. డాల్ఫిన్స్ నోస్ వైపు చాలా భాగం నౌకాదళం స్థలం. ఫోటో తీయొద్దన్న బోర్డు ఉంటే తీయకండి, వాదించకండి.

5. నీళ్లలో దిగేముందు ఈ ఒక్కటీ చదవండి

మా తీరం చూడ్డానికి ఎంత బాగుంటుందో, దిగడానికి అంత మంచిది కాదు. ఆర్కే బీచ్‌లో, యారాడలో ఏటా కుర్రవాళ్లు కొట్టుకుపోతూనే ఉన్నారు. ఎక్కువమంది బయట ఊళ్లవాళ్లే, ఈత వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. చెరువులో, కాలవలో నేర్చిన ఈత ఇక్కడ పనికిరాదు.

సంగతేమిటంటే, అలలు ఒడ్డుకు తోసిన నీరు ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి. అది సన్నటి పాయలా, జోరుగా లోపలికి పోతుంది. పైనుంచి చూస్తే ఆ చోట అలలు విరగవు, నీళ్లు నిలకడగా ఉన్నట్టుంటాయి. తెలియనివాళ్లు "ఇక్కడ అలలు తక్కువ" అని సరిగ్గా అక్కడే పిల్లల్ని దింపుతారు. అందులో చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకేసి ఎదురీదితే అలసిపోతారు, అలసటే ప్రాణం తీస్తుంది. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. పాయ వెడల్పు తక్కువే, అది దాటితే అలలే ఒడ్డుకు తెస్తాయి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యెత్తాలి. కాపాడబోయి వెనకే దూకడం వల్ల ఇద్దరు పోయిన సందర్భాలున్నాయి. తాడో, ట్యూబో విసరండి, లైఫ్‌గార్డును పిలవండి.

మోకాలి లోతు దాటొద్దు. లైఫ్‌గార్డు ఈల వేస్తే బయటికి రండి, అతనితో హైదరాబాద్ దర్జా చూపించకండి.

6. అరకుకు ఒక పూట చాలదు

అరకు ఊరి పక్కన లేదు, సుమారు 115 కిలోమీటర్లు. బొర్రా గుహలు తొంభై. కిరండూల్ వెళ్లే పాసింజరు పొద్దున్నే బయల్దేరుతుంది. తాపీగా సొరంగాలు, వంతెనలు దాటుకుంటూ కొండెక్కుతుంది. ఇనుప ఖనిజం మోయడానికి వేసిన దారి, మనకు విహారమైంది. అద్దాల విస్టాడోమ్ పెట్టెలు 2017లో తగిలించారు. వాటి సీట్లు శీతాకాలంలో రిజర్వేషను తెరిచిన వెంటనే అయిపోతాయి. ఇప్పుడు రైల్వేవాళ్లు అరవై రోజుల ముందు తెరుస్తున్నారు. ముందు అరకు సీట్లు సంపాదించి, ఆ తేదీని బట్టి మిగతా ప్రయాణం అల్లుకోండి. తలకిందులుగా చేస్తే కుదరదు.

వెళ్లేటప్పుడు రైల్లో, వచ్చేటప్పుడు రోడ్డు మీద. దారిలో కాఫీ తోటలు, అనంతగిరి, బొర్రా అన్నీ దిగేటప్పుడు తగులుతాయి. ఒక రాత్రి అరకులో పడుకుంటే పొగమంచు చూస్తారు, డిసెంబరులో ఉన్ని బట్టలు కావాలి. విశాఖలో చెమటలు పట్టాయని స్వెటర్లు హోటల్లో వదిలేసి కొండెక్కిన మా మేనల్లుడి కుటుంబం రాత్రంతా దుప్పట్ల కోసం కొట్టుకున్నారట. శీతాకాలం మొదట్లో వెళ్తే కొండవాలు పొలాల్లో వలిసె పూలు పచ్చగా పరుచుకుని ఉంటాయి. పంట తొక్కకుండా గట్టు మీద నిలబడి చూడండి, అది ఎవరిదో తిండి.

బొర్రాలో మెట్లు చాలా ఉన్నాయి. లోపల చల్లగా ఉన్నా పైకెక్కేసరికి ఆయాసం వస్తుంది. ఒక ముచ్చట పిల్లలకు చెప్పండి: బొర్రా గుహల్లోంచి పారే గోస్తనీ నదే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండుచోట్లా చూశాక ఒకే నది అని చెబితే వాళ్ల ముఖాలు చూడాలి.

బొంగులో చికెన్ తినాలనుకుంటే ముందు చెప్పి పక్కన తిరిగి రండి. వెదురు బొంగులో కూరి, నూనె చుక్క లేకుండా నిప్పుల మీద కాలుస్తారు, తొందరపెడితే లోపల ఉడకదు.

7. అప్పన్న దగ్గరికి

సింహాచలం వెళ్లడానికి ఒక పూట చాలు, పొద్దుటి పూట. పడమటి ముఖంగా ఉన్న గుడి అది. అప్పన్న స్వామి ఏడాది పొడుగునా చందనం కింద ఉంటాడు, వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే నిజరూపం. ఆ రోజు రావాలనుకుంటే యాత్రగా రండి, విహారంగా కాదు. ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ ఉంటుంది, ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. మామూలు రోజుల్లో వచ్చినవాళ్లు దర్శనం చేసుకుని పరుగెత్తకుండా, శ్రీకృష్ణదేవరాయలు 1516లో వేయించిన శాసనం గుడిలో ఎక్కడుందో అడిగి చూడండి. దిగేటప్పుడు అనాసపండు, సంపెంగలు కొనుక్కోండి.

8. చేపకు కూడా కాలముంది

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు ఆపేస్తారు. సరిగ్గా వేసవి సెలవులకు వచ్చి "విశాఖలో మంచి వంజరం ఎక్కడ?" అంటే ఏం చెప్పను? మా వీధికి వచ్చే చేపలావిడ "ఏటుంటాదమ్మా, బోట్లు కట్టీసినారు కదా" అంటుంది. ఆ రెండు నెలల్లో హోటల్లో పెట్టేది ఐసులో ఎన్నాళ్లున్నదో అడగకుండా తినకండి. మిగతా కాలంలో కోనెం, చందువ, కానగంతలు తాజాగా దొరుకుతాయి. ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్తే వేలంపాట చూడొచ్చు. పాత చెప్పులు వేసుకుని వెళ్లండి.

చేప తిననివాళ్లకు సాయంత్రం బీచ్‌లో మూరీ మిక్చర్ ఉంది. ఉల్లి, టమాటా, నిమ్మరసం కలిపి పొట్లం కట్టిస్తారు. కావాలంటే కోడిగుడ్డు కూడా వేస్తారు.

9. పట్టుకెళ్లేవి

గవ్వలూ శంఖాలూ కొనకండి, అందులో ఈ తీరానివి ఎన్నో నాకు అనుమానమే. ఏటికొప్పాక లక్క బొమ్మలు కొనండి. అంకుడు కర్రతో చేసి చెట్ల రంగులు వేస్తారు, చంటిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కారులో వచ్చినవాళ్లకైతే ఆ ఊరు తుని వైపు దారిలోనే, తయారయ్యే చోటే కొనొచ్చు. మాడుగుల హల్వా తొందరగా పాడవదు. అరకు కాఫీ గింజలుగా కొని ఇంట్లో పొడి చేసుకోండి.

ఎండుచేపలు కొంటే మాత్రం మూడు నాలుగు కవర్లు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, సీటు కిందికి తోసేయండి. ఏసీ పెట్టెలో అయితే అసలు వద్దు. రాజమండ్రి వచ్చేలోపే బోగీలో అందరూ మీకేసి చూడ్డం మొదలుపెడతారు.